ఇంటి వెంట వెళ్ళిన వార్డు

ఇల్లు పోయిందని పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చింది ఇంటివాడు కాదు, మా పురపాలక సంఘం. ఆ ఫిర్యాదు రాసింది నేను. కనుక ఈ వ్యవహారం గురించి సాధికారంగా మాట్లాడగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.

నా పేరు కలవకొలను సీతాపతి. కొత్తవాగుపురం పురపాలక సంఘంలో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని ముగ్గురు కమిషనర్లు మెచ్చుకున్నారు. నాలుగో ఆయన మెచ్చుకోలేదు గానీ, ఆయనకు రెండు కళ్ళకీ శుక్లాలుండేవి.

ఎస్సై గారు నా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఇంట్లో ఏం పోయినయ్ సార్?”

“ఇంట్లో ఏమీ పోలేదండి. ఇల్లే పోయింది.”

“కూలిపోయిందా?”

“లేదండి, వెళ్ళిపోయింది. ఉదయం ఏడింటికి తూర్పు రోడ్డున పోతుంటే టీకొట్టాయన చూశాడు.”

ఎస్సై గారు పెన్ను మూత పెట్టి, నన్ను జాలిగా చూసి, మజ్జిగ తాగుతారా అని అడిగారు.

అసలు సంగతి ఏమిటంటే, ఆ యేడు పైనుంచి “నూరు శాతం నంబర్లు” అనే ఉద్యమం దిగింది. పట్టణంలో నంబరు లేని ఇల్లు ఒక్కటీ ఉండకూడదు. అలా చేసిన పట్టణానికి మొదటి ర్యాంకు, కమిషనరుకు శాలువా. మరి ఇల్లంటే ఏమిటి? దానికీ నిర్వచనం వచ్చింది. వెలిగించే పొయ్యి, పరిచే చాప, మూసే తలుపు, ఈ మూడూ ఉన్నది ఇల్లు. దాన్ని ఏడు పేరాల సర్క్యులరుగా రాసింది నేనే. ఆ లెక్కన మేము రైలుగేటు దగ్గర కాపలావాడి గదికీ, బడ్డీకొట్లకీ, ఊళ్ళోకి వచ్చిన సర్కసు గుడారానికీ నంబర్లు అంటించుకుంటూ పోయాం. ఒక సిమెంటు తూములో కాపురముంటున్న ముసలాయన నంబరు చూసుకుని, ఇన్నాళ్ళకు ఒక ఇంటివాణ్ణయ్యానని ఏడ్చాడు.

పందొమ్మిదో వార్డులో, పశువుల సంత పక్కన ఒక పాత స్కూలు బస్సు ఆగి ఉంది. పసుపు రంగు వెలిసిపోయింది. లోపల పొయ్యి, చాప, తలుపు మూడూ ఉన్నాయి. వెనకాల పెయింటు డబ్బాలో కరివేపాకు మొక్క కూడా ఉంది. దాన్ని పెరటితోటగా నమోదు చేసుకున్నాం.

ఆ బస్సు నాగూర్‌వలిది. ఆయనా, భార్య మస్తాన్‌బీ అందులోనే వండుకుని, అందులోనే పడుకుని, ఊరూరూ తిరుగుతూ స్టీలు గిన్నెల మీద పేర్లు కొడతారు. మన దగ్గర పేరు లేని గిన్నెను ఎవరూ గిన్నెగా లెక్కపెట్టరు గదా. పెళ్ళికిచ్చే బిందె మీద ఇచ్చినవాళ్ళ పేరు బిందె కంటే పెద్దగా ఉండాలి.

“సారూ, ఇది బస్సు. పొద్దున్నే పోతాం,” అన్నాడు నాగూర్‌వలి.

“మూడూ ఉన్నాయా, లేవా?”

“ఉన్నయ్.”

“అయితే ఇల్లే.”

మస్తాన్‌బీ మాత్రం సంతోషించింది. “మా అత్త బతికున్నన్నాళ్ళూ దీన్ని డబ్బా అనే అన్నది. మీరన్నా ఇల్లన్నారు, చాలు,” అని మాకు టీ ఇచ్చింది. మేము 19-88/1 అని నంబరు కాగితం అంటించి, టీ తాగి వచ్చాం. మర్నాడు వాళ్ళు చెప్పినట్టే వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నం లెక్క సరిచూస్తే ఒక ఇల్లు తక్కువొచ్చింది. కమిషనరు శ్రీ ఘట్టి త్రివిక్రమరావు గారు అందర్నీ సమావేశపరిచారు.

“ఒక పౌరుడు అదృశ్యమగుట కన్నా ఒక గృహము అదృశ్యమగుట గంభీరమైన విషయము,” అన్నారు. “పౌరుడు పోతే ఇల్లు మిగులుతుంది. ఇల్లు పోతే మనకేం మిగులుతుంది?”

అందరం తలలు దించుకున్నాం. నేను ఫిర్యాదు రాశాను.

నాలుగో రోజున ఇల్లు దొరికింది. పన్నెండు కిలోమీటర్ల అవతల ఒక పెళ్ళివారింటి ముందు నిలబడి, భోజనం పళ్ళేల మీద పేర్లు కొడుతోంది. జీపు అడ్డం పెట్టి వెనక్కి తెచ్చాం. తీరా చూస్తే కాగితం మంచుకు నాని ఊడిపోయింది. శాశ్వతమైన నంబరు ఉండాలన్నారు కమిషనరు గారు. టెండరు పిలవాలా అని అకౌంట్సు వాళ్ళు నసుగుతుంటే, నేనే అన్నాను, పేర్లు కొట్టేవాడు ఎదురుగానే ఉన్నాడు గదా అని.

పనివాడికి పని చెబితే చెయ్యి ఊరుకోదు. నాగూర్‌వలి తన బస్సు తలుపు పక్కన ఇనపరేకు మీద, తన ఇంటి నంబరు తనే కొట్టాడు. చిన్న ఉలి, చిన్న సుత్తి, చుక్క పక్కన చుక్క. నేను సుద్దముక్కతో అంకెలు రాసిస్తే వాటి మీదుగా కొట్టుకుంటూ పోయాడు. కొట్టాక రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయాడు. “మా చేత్తో కొట్టింది పుట్టెడు మట్టేసి తోమినా పోదు సారూ,” అన్నాడు. అన్నాక ఏదో తట్టినట్టు భార్య మొహం చూశాడు. ఆమె నెత్తి కొట్టుకుంది.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. “శాశ్వత నంబరు పొందిన ఏ గృహమూ తన వార్డును విడిచి పోరాదు. పోదలచినచో పునాది ధ్రువపత్రముతో ఒక మాసము ముందుగా దరఖాస్తు చేసుకొనవలెను.” బస్సుకు పునాది ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకు మినహాయింపు కోరవచ్చు. మినహాయింపు కోరడానికి మాత్రం పునాది లేదని ధ్రువపత్రం కావాలి. అది పునాది తవ్వి చూశాకే ఇస్తారు.

మాఘమాసం ఇంక నెల్లోకి వచ్చేసింది. రోజూ పొద్దున్నే మస్తాన్‌బీ వచ్చి ఆఫీసు బల్ల మీద కూర్చునేది.

“మాఘం నుంచి రెండు నెలలు పెళ్ళిళ్ళకు తిరిగితేనే సారూ, మాకు ఏడాదంతా పొయ్యి వెలిగేది. మమ్మల్ని ఈడ కట్టేస్తే పొయ్యారిపోద్ది. పొయ్యారితే మీ లెక్క ప్రకారం ఇల్లు గాదు గదా, వదిలేస్తారా?”

ఈ ప్రశ్న కమిషనరు గారికి నివేదించాను. ఆయన ఆలోచించి, పొయ్యి వెలగనక్కర్లేదు, వెలగగల సామర్థ్యం ఉంటే చాలునని వివరణ జారీ చేశారు.

మొదటి వారంలో పందొమ్మిదో వార్డులో బిందెలన్నీ అయిపోయాయి. రెండో వారంలో గరిటెలూ, చెంచాలూ, అట్లకాడలూ అయిపోయాయి. మూడో వారంలో కొందరు పుట్టబోయే మనవల పేర్లు కూడా కొట్టించుకున్నారు. ఆ తర్వాత ఇంక కొట్టడానికి వార్డులో ఖాళీ లోహం లేదు. అప్పుడు ఆడవాళ్ళు కొంగుచాటున మరో రకం గిన్నెలు తెచ్చారు. పెళ్ళిళ్ళలో వచ్చిన గిన్నెల్ని మళ్ళీ ఇంకో పెళ్ళిలో చదివించాలంటే పాత పేరు అడ్డం గదా. దానికి మస్తాన్‌బీ దగ్గర ఒక విద్య ఉంది. కొట్టిన పేరును చెరపడం ఎవరి తరమూ కాదు గానీ, అక్షరాల గుండ్రాల చుట్టూ రేకులు వేసి, కొమ్ములకు ఆకులు తొడిగి, పేరు మొత్తాన్ని పూలతీగ చేసేస్తుంది. నేను కమిషనరు గారి గృహప్రవేశానికి ఇచ్చిన గంగాళం, తర్వాత మా తోడల్లుడి కూతురి పెళ్ళిలో ఒంటినిండా మల్లెతీగతో కనబడింది. దాని మూతికి సొట్ట ఉంది కాబట్టి గుర్తుపట్టాను.

ఆ పనీ నాలుగు రోజులకు అయిపోయింది. ఒకనాడు మస్తాన్‌బీ నా బల్ల దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి అంది. “సారూ, ఈ ఆఫీసులో మీ చేతిరాత అంత బాగా ఇంకోళ్ళది ఉండదంట గదా. మేం పోయేట్టు ఒక్క ముక్క రాయండి సారూ.”

పొగిడితే పొంగిపోయే జాతి మాది. అదీగాక, నిన్నటి నుంచీ వాళ్ళు టీతోనే సరిపెట్టుకుంటున్నారని నాకు తెలుసు. కూర్చుని నిబంధనలన్నీ తిరగేశాను. సాయంత్రానికి నా సర్వీసులోకెల్లా గొప్ప నోటు తయారైంది. “గృహము తన వార్డును విడిచి పోరాదని నిబంధన కలదు. అయితే వార్డు తన గృహము వెంట పోరాదని ఎచ్చటను లేదు. తమ ఉత్తర్వులకై సమర్పించడమైనది.”

కమిషనరు గారు మూడుసార్లు చదివారు. లేచి నిలబడి నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చారు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి.

మర్నాడు ఆ బస్సునూ, దానికి నలువైపులా పదేసి అడుగుల నేలనూ కలిపి పందొమ్మిది-ఎ వార్డుగా ప్రకటించారు. బస్సు కదిలితే వార్డు కదులుతుంది. చాలా సులువు. కానీ వార్డన్నాక సౌకర్యాలుండాలి. ప్రతి ఇంటికీ వంద అడుగుల లోపు వీధి దీపం ఉండాలి కనుక, ట్రాక్టరు ట్రాలీ మీద దీపస్తంభం నిలబెట్టి, జనరేటరు తగిలించి, లైన్‌మన్ ఏడుకొండల్ని కాపలా పెట్టారు. కుళాయి ఉండాలి కనుక నీళ్ళ ట్యాంకరు బయల్దేరింది. నీళ్ళు నిండుగా ఉన్నా, మిగతా వార్డులతో సమానత్వం పాటించి, తెల్లవారుజామున అరగంట మాత్రమే వదిలేవారు. మురుగుకాలువ లేని వార్డుకు దోమల మందు బిల్లు ఎలా పాసవుతుంది? అందుకని ఎనిమిదడుగుల సిమెంటు కాలువను ఇంకో ట్రాలీలో పెట్టి, అందులో మురుగు పోశారు. దోమలు వాటంతటవే చేరాయి. కుక్కలు కూడా వచ్చాయి గానీ వాటికి ఎవరూ ఉత్తర్వులివ్వలేదు.

వార్డు రికార్డులు మోసుకుని జీపులో నేనూ బయల్దేరాను.

అలా బస్సు ముందు, వార్డు వెనక, మాఘమాసంలో ఊరూరా తిరిగాం. పెళ్ళివారు మమ్మల్ని చూసి మొదట బెదిరారు. తర్వాత అలవాటుపడ్డారు. ఒక ఊళ్ళో ఎదురుకోలు సన్నాహానికి కరెంటు పోతే, మా వీధి దీపమే పెళ్ళికొడుకు ముందు నడిచింది. అది బాగుందని ఊరూరా అడగడం మొదలుపెట్టారు. ఏడుకొండల చేతిలో వాళ్ళు పంచె పెట్టారు, వీళ్ళు తాంబూలం పెట్టారు. “ఇరవయ్యేళ్ళు స్తంభాలెక్కినా నన్నెవరూ భోంచేశావా అని అడగలేదు సార్,” అన్నాడు.

నాకూ పని తగిలింది. సుద్దముక్కతో గిన్నె మీద నేను పేరు రాసిస్తే, దాని మీదుగా నాగూర్‌వలి కొట్టేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళు నేను రాసినవన్నీ బీరువాల్లోకి పోయాయి. ఇప్పుడు రాసినవి వంటింట్లోకి పోతున్నాయి. ఒక ముసలమ్మ చెంబు మీద తన పేరు వేలితో తడుముకుని, “నాకు చదువు రాదు నాయనా, ఇది నేనేనా?” అని అడిగింది. మీరేనమ్మా అన్నాను. సాయంత్రం నా వాటా కింద మస్తాన్‌బీ నాలుగు గారెలు, ఒక నోటు నా చేతిలో పెట్టింది. ఆ నోటును నేను ఖర్చుపెట్టలేదు. నాకు అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు, మొదటి జీతం రోజున కూడా.

మాఘం సగమయ్యాక మేము పెదమడుగుల పురపాలక సంఘం పరిధిలోకి అడుగుపెట్టాం. అక్కడ కమిషనరు శ్రీమతి విమలాంబ గారు. ఆమెకూ ర్యాంకు కావాలి.

“మీ వార్డు మా ఏడో వార్డు నెత్తినెక్కి కూర్చున్నది,” అని ఆమె లేఖ వచ్చింది. “మీ మురుగుకాలువలో పుట్టిన దోమలు మా పౌరులను కుట్టుచున్నవి. సదరు గృహము మా భూమి మీద నున్నది గనుక మాదే.” గృహము మాది, భూమి మాత్రమే మీది అని మేము జవాబిచ్చాం. దోమల సంగతి విచారణలో ఉందన్నాం.

లేఖల మీద లేఖలు నడిచి, చివరికి ఇద్దరు కమిషనర్లూ రాజీకొచ్చారు. రెండు పట్టణాల సరిహద్దు రాయి దగ్గర బస్సును సగం అటూ సగం ఇటూ వచ్చేలా నిలపాలి. పొయ్యి వాళ్ళది, చాప మనది. తలుపు ఉమ్మడి. ఇంక కదిలే ప్రసక్తి లేకుండా చక్రాలు ఊడదీసి, ఆరింటిలో మూడు వాళ్ళు, మూడు మనం భద్రపరుచుకోవాలి. శుక్రవారం పదకొండింటికి షామియానా, సభ, చక్రవిమోచన కార్యక్రమం. ఆహ్వానపత్రం నేనే రాశాను. అందంగానే వచ్చింది.

దాన్ని చదివి వినిపిస్తే నాగూర్‌వలి బస్సు మెట్టు మీద కూలబడ్డాడు.

“మా నాయన సైకిల్ మీద తిరిగాడు. నేను బస్సు కొన్నా. చక్రాల్లేకుండా ఈ రాయి పక్కన కూచ్చుంటే ఎవుడి గిన్నెలకు కొట్టాలి సారూ? ఈ రాయికి కొట్టాల్నా?”

నాకు సిగ్గేసింది. ఆ నంబరు పక్కన నా సుద్దముక్క అంటిన మరక ఇంకా ఉంది.

శుక్రవారం షామియానా కింద సభ మొదలైంది. బస్సు పక్కన జాకీలతో ఇద్దరు మెకానిక్కులు సిద్ధంగా ఉన్నారు. త్రివిక్రమరావు గారు మైకు అందుకుని, మానవుడు గుహల నుంచి గృహాలకు వచ్చిన వైనంతో ఆరంభించారు. ఆయన గుహల్లో ఉంటే బయటపడటానికి కనీసం గంట పడుతుందని నాకు అనుభవం.

మస్తాన్‌బీ నా పక్కకొచ్చింది. “సారూ, పొయ్యి, చాప, తలుపు, అంతేగా ఇల్లంటే? ఏది తీసెయ్యమంటారు?”

“ఏదీ తీసెయ్యక్కర్లేదమ్మా,” అన్నాను. మైకు వైపే చూస్తూ, ఎవరికో పాఠం అప్పజెబుతున్నట్టు, నేను రాసిన పాత సర్క్యులరే చదివాను. “చదవదగిన నంబరు లేని ఏ కట్టడమునూ గృహముగా పరిగణించరాదు. ఏడో పేరా.”

ఆమె నా మొహంలోకి చూసింది. లోపలికి వెళ్ళి ఉలీ సుత్తీ తెచ్చుకుంది. నేను జేబులోంచి సుద్దముక్క తీశాను. ఇరవై ఎనిమిదేళ్ళలో ఏ కాగితం మీదా ఒక్క పువ్వు కూడా వెయ్యలేదు. ఒకటికి ఆకులు తొడిగి కాడ చేశాను. తొమ్మిది మొగ్గయింది. గీత పక్కన రెండు ఎనిమిదులకూ రేకులు గీస్తే జంట చామంతులు విరిశాయి. చివరి గీతా ఒకటీ నులితీగెలయ్యాయి. నేను గీస్తుంటే ఆమె కొట్టుకుంటూ వచ్చింది. టక్కు టక్కు మని చప్పుడు సభంతా వినబడుతూనే ఉంది. పేర్లు కొట్టేవాళ్ళు పేర్లు కొట్టుకోక ఏం చేస్తారని ఎవరూ తల తిప్పలేదు. విమలాంబ గారు ముగింపు ఉపన్యాసంలో ఉండగా ఆఖరి రేకు పూర్తయింది.

“ఇప్పుడు నిబంధనానుసారము గృహ నంబరును బిగ్గరగా చదివి, చక్రవిమోచనము గావించవలసినదిగా కోరుచున్నాను,” అన్నారు త్రివిక్రమరావు గారు. “సీతాపతి గారూ, చదవండి.”

నేను కళ్ళజోడు తుడుచుకుని చూశాను.

“పువ్వులండి.”

“ఏమిటి?”

“పువ్వులున్నాయండి. నంబరు లేదు.”

ఇద్దరు కమిషనర్లూ వచ్చి వంగి చూశారు. నంబరు ఉండేదని ఒప్పుకుంటే, అది ఎవరి హయాంలో, ఎవరి సరిహద్దులో పోయిందో రాతపూర్వకంగా చెప్పాలి. చెప్పినవారే బాధ్యులు. ఆ లెక్క ఇద్దరి మొహాల్లోనూ ఒకేసారి తేలింది.

“ఇక్కడ నంబరు ఉండినట్లు మా వద్ద సమాచారము లేదు,” అన్నారు విమలాంబ గారు.

“మా వద్దనూ లేదు,” అన్నారు త్రివిక్రమరావు గారు చప్పున. తర్వాత నిటారుగా నిలబడి, నాగూర్‌వలి మీద గర్జించారు. “ఎవరిదయ్యా ఈ బస్సు? సభాస్థలంలో అడ్డంగా పెట్టావేం? తియ్! ఇప్పుడే తియ్!”

నాగూర్‌వలి ఉత్తర్వులను శిరసావహించాడు. ఇంజను రెండుసార్లు దగ్గి అందుకుంది. మస్తాన్‌బీ కిటికీలోంచి నాకు చెయ్యి ఊపింది. మాఘంలో ఇంకా వారం ముహూర్తాలున్నాయి. కుక్కలు కొంతదూరం వెంటపడి తిరిగొచ్చాయి. నేను నా నివేదికలో “పువ్వులు ఉన్నవి. ఇల్లు లేదు” అని రాసి సంతకం పెట్టాను.

పందొమ్మిది-ఎ వార్డును మాత్రం ఎవరూ రద్దు చెయ్యలేదు. దీపస్తంభం, కాలువ, కుళాయితో సహా అది మా ఆఫీసు ఆవరణలోకి వచ్చి చేరింది. ఇళ్ళు లేవు గనుక చెత్త లేదు, ఫిర్యాదు లేదు, నంబరు లేని ఇల్లన్నది అసలే లేదు. ఆ యేడు ఉత్తమ వార్డు బహుమతి దానికే వచ్చింది. శాలువా కప్పుకున్న మా కమిషనరు గారిని, మిగతా వార్డులను కూడా ఆ స్థాయికి తీసుకురావడమెలా అని పైవాళ్ళు అడిగారు. ఆయన ఆలోచిస్తున్నారు.

నిన్న పసుపు బస్సు మళ్ళీ పశువుల సంత దగ్గర ఆగింది. నేను సెలవు పెట్టి, సుద్దముక్క జేబులో వేసుకుని వెళ్ళాను. నేను వెళ్ళేసరికే వరస సంత గేటు దాటింది. ఎవరి చేతిలోనూ గిన్నె లేదు. అందరి చంకల్లోనూ గేట్ల నుంచి ఊడదీసిన ఇంటి నంబరు రేకులు. నంబరు లేనిది ఇల్లు కాదు, ఇల్లు కానిదానికి ఇంటిపన్నూ లేదని నా ఏడో పేరా ఊరంతా పాకిపోయింది. మా ఆవిడ నాలుగోది. ఆమె ముందు నిలబడ్డవాణ్ణి ఎక్కడో చూశాననిపించింది. కమిషనరు గారి ఇంటి వాచ్‌మన్. వాడి చేతిలో ఉన్నది ఇత్తడి పలక.

“ఏ పువ్వు కొట్టమంటారయ్యా?” అని అడిగింది మస్తాన్‌బీ.

“ఏదైనా పర్లేదంటమ్మా,” అన్నాడు వాడు, అటూ ఇటూ చూసి. “నంబరు మాత్రం కనబడగూడదంట.”